చిలకలకోన దయ్యం పెండ్లాం

ఊళ్లో మేక తప్పిపోతే సాయంత్రంలోగా నలుగురొచ్చి చెబుతారు. గ్యాసు బండి వస్తే వీధి మొదట్లోంచే కేకలేస్తారు. అలాంటిది, భువనేశ్వరి మొగుడు చచ్చి దయ్యమై మూడేళ్లుగా చిలకలకోనలో కాపురముంటున్నాడన్న సంగతి నగరి నేతగాళ్ల వీధి మొత్తానికీ తెలుసు, ఒక్క భువనేశ్వరికి తప్ప.

ఆ మాట ఆమె చెవిన వేసింది కూడా వీధివాళ్లు కాదు. తిరుపతి నుంచి మోటారు సైకిలు మీద వచ్చిన ఇద్దరు పడుచువాళ్లు. పునీత్ సెల్‌ఫోన్లు బాగుచేసే అంగట్లో పనిచేస్తాడు. మోనిక పెళ్లిళ్లకు వీడియోలు తీస్తుంది. సెలవు దొరికితే ఇద్దరూ పాడుబడిన బంగళాలు, మూతబడిన మిల్లులు తిరిగి దయ్యాలను వెతికి ఆ వీడియోలు యూట్యూబులో పెడుతుంటారు. ఇప్పటిదాకా ఒక్క దయ్యమూ వాళ్లకు దర్శనమివ్వలేదు. అయినా పట్టు విడవలేదు. వచ్చే అమావాస్యకు వడమాలపేట అవతలి కొండల్లో ఉన్న చిలకలకోనకు పోవాలని, అంతకుముందు అక్కడి దయ్యం పుట్టుపూర్వోత్తరాలు కనుక్కోవాలని నగరికి వచ్చారు. మరమగ్గాల మోతలో ఏ వాకిట్లో పిలిచినా పలికే దిక్కు లేదు. మగ్గం ఆగి ఉన్న ఇల్లు ఒక్కటే కనబడితే దాని తలుపు తట్టారు.

భువనేశ్వరి అన్నం తింటోంది. ఎంగిలి చేత్తోనే వాకిట్లోకి వచ్చింది.

"ఆంటీ, చిలకలకోన దయ్యం గురించి ఏమైనా తెలుసా?" అన్నాడు పునీత్.

"ఏం దయ్యం?" అంది భువనేశ్వరి, వీధంతా వినపడేలా. ఆమె మామూలు గొంతే అంత.

"మూడేండ్ల కింద ఈ వీధి మనిషే ఎవరో ఆ కోనలో జారిపడి చనిపోయినాడంట కదా. అమావాస్య అమావాస్యకీ వచ్చి బండ మీద కూర్చుంటాడంట. తెల్లచొక్కా, తెల్లపంచ..."

"తెల్లచొక్కా కాదు. నీలం గళ్ల చొక్కా."

పునీత్ కళ్లు మెరిశాయి. "మీరు చూసినారా ఆంటీ?"

"నేనే ఉతికినాను," అంది భువనేశ్వరి.

మోనికకు ముందుగా అర్థమైంది. చేతిలోని కెమెరా కిందికి దించేసి, పునీత్ మోచెయ్యి పట్టి లాగింది. ఇద్దరూ ఒకరికొకరు అడ్డం పడుతూ క్షమాపణలు చెప్పుకుంటూ మెట్లు దిగబోయారు. భువనేశ్వరి తిట్టలేదు, ఏడవలేదు. పరుగున వచ్చి ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. మెతుకులు అంటుకున్న చెయ్యి.

"ఉండండి, ఉండండి. ఆయన ఆడ ఉండాడంటనా? నిజమేనా? ఎవురికి కనపడినాడంట?"

భువనేశ్వరి గురించి ఇక్కడ నాలుగు మాటలు చెప్పాలి. వయసు యాభై ఒకటి. పందొమ్మిదేళ్లకు మురుగేష్‌కు భార్యగా ఈ ఇంటికి వచ్చింది. అప్పటికి ఇంట్లో చేతిమగ్గం ఉండేది. తరవాత రెండు మరమగ్గాలు వచ్చాయి. ఒకదాని మీద ఆయన, ఒకదాని మీద ఈమె. పొద్దున ఆరుకు మొదలైన మోత రాత్రి తొమ్మిదికి గానీ ఆగేది కాదు. ఆ మోత మధ్య పాతికేళ్లు బతికితే చెవుల్లో మిగిలేది సగమే. మిగతా సగం పని కళ్లు చేస్తాయి. మగ్గాల వీధుల్లో ఆడామగా అందరూ పెదాల కదలిక చూసే మాట పట్టేస్తారు. ఎదురింటి అరుగు మీద ఎవరేం గొణుక్కున్నా భువనేశ్వరి ఇవతలి నుంచే జవాబు చెప్పగలదు. ఇన్నాళ్లూ దయ్యం కబుర్లు ఆమెకు అందలేదంటే, వీధివాళ్లు ఆ కబుర్లు ఆమెకు వీపు తిప్పి చెప్పుకున్నారని అర్థం.

మురుగేష్ మాట తక్కువ మనిషి. అతనికున్న వ్యసనమల్లా కొండలు. అమావాస్య నాడు నేతగాళ్లు మగ్గం ముట్టరు, అది తాతల నాటి కట్టడి. ఆ రోజు మగవాళ్లు కొందరు నిద్రపోతారు, కొందరు పేకముక్కలు తీస్తారు. మురుగేష్ మాత్రం సంచీ తగిలించుకుని చిలకలకోనకు పోయేవాడు. ఎందుకని అడిగితే, "చెవులు కడుక్కోను" అనేవాడు. సాయంత్రం తిరిగొచ్చాక మాత్రం ఆ మనిషికి ఎక్కడలేని మాటలూ పుట్టుకొచ్చేవి. బస్సు దిగిన చోటు నుంచి నీళ్లు దూకే చోటు దాకా చూసిందంతా పూసగుచ్చినట్టు చెప్పేవాడు. చివర్న ఒకే మాట. "ఒకసారి నువ్వూ రా మే." భువనేశ్వరిది కూడా ఒకే జవాబు. "ఈ చీర అయిపోనీ, మళ్లా అమావాస్యకు వస్తాను." అలా ఇరవై తొమ్మిదేళ్ల అమావాస్యలు గడిచిపోయాయి. మగ్గం మీద ఎప్పుడూ ఏదో ఒక చీర ఉండేది, మగ్గం ముట్టని ఆ రోజున కూడా దానికి పోగులు చుట్టే పని ఉండేది.

మూడేళ్ల కిందట, అరవవాళ్ల ఆడి నెల అమ్మకాల ముందు, మద్రాసు అంగడి వాళ్లు తొందరపెట్టారు. అమావాస్య అని కూడా చూడకుండా భువనేశ్వరి మగ్గం వేసింది. వీధిలో ఆ పూట మోగింది అదొక్కటే. ఏడు గంటలప్పుడు మురుగేష్ సంచీ తగిలించుకుని వాకిట్లో నిలబడి ఏదో చెప్పాడు. ఆమె చూపు మగ్గం మీద ఉంది. పోగొకటి ఇప్పుడో ఇంకాసేపటికో తెగేలా ఉంది. చీర మధ్యలో, అడ్డపోగును మోసే నాడె అంచుకు చేరకముందే మగ్గం ఆపితే మళ్లీ నడిపినప్పుడు గుడ్డ మీద అడ్డంగా గీత పడుతుంది. గీత పడిన చీరను అంగడివాళ్లు వెనక్కి కొడతారు. పోయొస్తానని చెప్తున్నాడులే అనుకుని, పెదాలకేసి చూడకుండానే తలూపింది. తల ఎత్తేసరికి అతను నవ్వుతున్నాడు. ఎప్పుడూ లేనంత నవ్వు. గుమ్మం మీద చెయ్యి వేసి కాసేపు నిలబడి, వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం అన్నానికి మగ్గం ఆపి చూస్తే ఆమె ఫోనులో మురుగేష్ చేసిన కాల్స్ నాలుగు ఉన్నాయి. ఎత్తడానికి వినపడితేగా. తిరిగి చేస్తే ఫోను కలవలేదు. మరునాడు మేకలవాళ్లు కోనలో అతన్ని చూశారు. నీళ్లు దూకే చోట పైబండ మీంచి జారాడు. తలకు దెబ్బ, పడగానే ప్రాణం పోయిందని, ఏ బాధా పడి ఉండడని డాక్టరు చెప్పాడు. భువనేశ్వరి నమ్మలేదు. పడగానే పోతే నాలుగుసార్లు ఫోను చేసిందెవరు? ఆ బండల మధ్య కాళ్లూ చేతులూ విరిగి పడి, నన్ను రమ్మని పిలిచాడు, నేను నాడె ఆడిస్తూ కూర్చున్నాను అని ఆమె లోపల గట్టిగా నాటుకుపోయింది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. నాయుడుపేటలో ఫ్యాక్టరీ ఉద్యోగం చేసే కూతురు పవిత్రకు కూడా చెప్పలేదు. ఆ పాత బటన్ల ఫోను మాత్రం బీరువాలో దాచింది. అప్పుడప్పుడు చార్జింగు పెట్టి ఆ నాలుగు కాల్స్ చూసుకునేది. మూడేళ్లలో ఆమె ఒక్క రాత్రి కూడా తెల్లవార్లూ నిద్రపోయింది లేదు.

ఇప్పుడు చెప్పండి, అలాంటి మనిషికి మొగుడు దయ్యమయ్యాడంటే భయం వేస్తుందా? ఆశ పుడుతుంది.

పునీత్‌నూ మోనికనూ లోపల కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి, దయ్యాన్ని పట్టే సామాను ఏమేం ఉందో చూపించమంది. పునీత్ బెరుకుబెరుగ్గానే సంచీ విప్పాడు. దయ్యం దగ్గరికొస్తే లైటు వెలిగే పెట్టె ఒకటి, చీకట్లో పనిచేసే కెమెరా ఒకటి, చిన్న రికార్డరు ఒకటి.

"దీంతో ఏం జేస్తారు?"

"ప్రశ్న అడిగి గమ్మునుంటాం ఆంటీ. జవాబు మన చెవికి వినపడదు. తర్వాత దీంట్లో వింటే పడుంటుంది అంటారు."

"నా చెవికి బతికుండేవాళ్ల మాటే సగం వినపడదు. ఇదేదో నాకోసమే చేసినట్టుండాదే," అంది భువనేశ్వరి. రికార్డరును అరచేతిలో పెట్టుకుని తిప్పి తిప్పి చూసింది. "నేనూ వస్తాను. ఆయన్ని ఒక మాట అడగాల. ఆ పొద్దు వాకిట్లో నిలబడి ఏం చెప్పినావని. అది తెలిస్తే నాకు సాలు."

వాళ్లు వెళ్లగానే ఆమె నేరుగా ఎదురింటికి పోయింది. ఎదురింటి ఆదిమూలం ఆ వీధికి పెద్దమనిషి, అంతకన్నా పెద్ద కబుర్లపోగు.

"ఏమప్పా, నా మొగుడు దయ్యమైనాడని ఊరంతా చెప్పుకుంటా నాకెందుకు చెప్పలేదు?"

ఆదిమూలం నోట్లో వక్క అడ్డం పడింది. "అది చెప్పే మాటేనా మే? నువ్వు బాధపడతావని..."

"మూడేండ్లుగా ఆ మనిషి బండ మీద ఒక్కడే కూసోనుంటే, నేను బాధపడకూడదని ఇంట్లో కూసోబెట్టినారా? నువ్వు సూసినావా ఆయన్ని?"

"నేనెట్ల చూస్తాను? మేకలోళ్లు చూసినారంట. వాళ్లు చూసినారని వడమాలపేటలో ఎవురో..."

"మరి తెల్లపంచ యాడిది? ఆయన జన్మలో పంచ కట్టలేదు!"

ఆదిమూలం నేల చూపులు చూశాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. వినేవాళ్లు మూడేళ్లుగా నోరు తెరుచుకుని వింటుంటే, పంచ ఒకటి కట్టించాలనిపించింది ఆయనకు. అంతకుమించి దురుద్దేశం లేదు పాపం. కోనకు పోతున్నానని భువనేశ్వరి పవిత్రకు ఫోను చేసి చెబితే ఆ పిల్ల, "అమ్మా, నీకేమన్నా పిచ్చా?" అని అరిచింది, తరవాత ఏడ్చింది, చివరికి "టోపీ పెట్టుకోని పో, ఎండగా ఉంటాది" అని ఊరుకుంది.

ఆ మరుసటి ఆదివారం పునీత్, మోనిక ప్రయాణపు పథకం కాగితం మీద రాసుకుని వచ్చారు. రాత్రి పది గంటలకు కోన చేరడం, పన్నెండుకు ప్రశ్నలు, మూడింటికి రెండో విడత, తెల్లారి దిగడం. నాలుగు బ్యాటరీలు, రెండు టార్చిలైట్లు, దిష్టి నిమ్మకాయలు ఆరు. భువనేశ్వరి కాగితమంతా చదివించుకుని అడిగింది.

"తిండి యాడ?"

తిండి మాటే కాగితంలో లేదు. నీళ్లు కూడా రాసుకోలేదు. "దయ్యం సంగతి నేను సూసుకుంటాను, ముందు తిండి సంగతి రాయండి," అంది. నిమ్మకాయలు కొట్టేయించింది. మొగుడి దగ్గరికి పోతూ దిష్టి నిమ్మకాయలేమిటని ఆమెకు కోపం వచ్చింది. అంతలో మోనిక ఇంకో సంగతి కనుక్కొచ్చింది. అడవి గేటు దగ్గర పొద్దున ఎనిమిదికి గానీ వదలరు, సాయంత్రం నాలుగుకు కిందికి దిగిపోవాలి. రాత్రి లోపల ఉండడానికి ఎవరికీ పర్మిషను లేదు. పునీత్ మొహం మాడిపోయింది.

"పగటి పూట దయ్యం యాడ వస్తుంది ఆంటీ?"

"మా ఆయన పొయ్యేదే పగలు. రాత్రి ఎనిమిదికల్లా పడుకునేసే మనిషి. చచ్చినంత మాత్రాన అలవాట్లు మారతాయా?"

దీనికి దయ్యాల శాస్త్రంలో జవాబున్నట్టు లేదు. పునీత్ రాత్రి పది కొట్టేసి పొద్దున పది రాశాడు. ఇక దారి. ఫోను మ్యాపులో ఆ కోన ఉత్త పచ్చ మరక. భువనేశ్వరి ముగ్గుపిండి డబ్బా తెచ్చి మగ్గం పక్కన సిమెంటు నేల మీద కూర్చుంది. వడమాలపేట దాటాక క్రాసు. క్రాసు దగ్గర పొంగణాలమ్మే అంగడి. అక్కణ్నుంచి మామిడితోపు చుట్టి పోతే గేటు. గేటు దాటాక వాగు మూడుసార్లు అడ్డమొస్తుంది. రెండోసారి దాటేచోట ఎడమవైపు జారుడు, కుడిపక్క వేర్లు పట్టుకుని దిగాలి. మోకాలేసిన ఎద్దు లాంటి బండ. దాని వెనక నీళ్ల చప్పుడు. పైన బిలాల్లో చిలకలు. చుక్క చుక్కా కలుపుతూ ఆమె గీస్తుంటే పునీత్ ఫోటోలు తీసుకున్నాడు.

"ఎన్నిసార్లు పోయినారు ఆంటీ మీరు?"

"ఒక్కసారీ పోలేదు," అంది భువనేశ్వరి.

మోనిక ముగ్గుకు తగలకుండా కాళ్లు వెనక్కి తీసుకుంది. ఎవరూ చెరపకుండా ఆ ముగ్గు అమావాస్య దాకా అక్కడే ఉంది. భువనేశ్వరి మగ్గం దగ్గరికి పోవాలన్నా పక్కనుంచి తిరిగి పోయేది.

అమావాస్యకు నాలుగు రోజుల ముందు, దారి ఒకసారి చూసిరావాలని బయల్దేరారు. గేటు దాకా చాలు, కోన దాకా వద్దు అనుకున్నారు. భువనేశ్వరి నగరి నుంచి పుత్తూరు, పుత్తూరు నుంచి వడమాలపేట బస్సులు మారి వచ్చింది. వాళ్లిద్దరూ తిరుపతి నుంచి బండి మీద వచ్చారు. క్రాసు దగ్గర నిజంగానే పొంగణాల అంగడి ఉంది. రేకుల పాక, ముందు ఒక సిమెంటు బెంచీ, గుంటల పెనం ముందు అరవై దాటిన పెద్దావిడ. పేరు యశోదమ్మ. చూడని చోటును చూడగానే గుర్తుపట్టడం భువనేశ్వరికి ఒళ్లు జలదరించేలా అనిపించింది. బెంచీ చివర ముక్క విరిగి ఉంటుందని కూడా మురుగేష్ చెప్పి ఉన్నాడు. విరిగే ఉంది.

పునీత్ అలవాటుగా మొదలుపెట్టాడు. "అవ్వా, ఈ కోనలో దయ్యం ఉందంట కదా?"

"దయ్యమూ లేదు, బూడిదా లేదు," అంది యశోదమ్మ పొంగణాలు తిరగేస్తూ. "పాపం ఆ మనిషిని దయ్యం జేసి పెట్టినారు ఊరోళ్లు. బంగారం లాంటి మనిషి. పదేండ్లుగా నా అంగట్లో టీ తాగినోడు. పొయ్యేనాడు కూడా ఇదే బెంచీ మీద కూసోనున్నాడు."

భువనేశ్వరి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. యశోదమ్మ పెదాల మీంచి చూపు తిప్పలేదు.

"ఎప్పుడూ ఒక కప్పు టీ తాగి పొయ్యేవాడు. ఆ పొద్దు మాత్రం ఎనిమిదిన్నరకు వచ్చి కదల్లేదు. రెండు పొట్లాలు కట్టమన్నాడు, కారం పచ్చడి ఒకదాంట్లో ఎక్కువ ఎయ్యమన్నాడు. ఎవురికప్పా అంటే నవ్వినాడు. 'మా ఇంటామె వస్తాది. ఇన్నేండ్లకు వస్తానని తలూపింది. చీర అయిపోతానే బస్సెక్కి వస్తాది' అన్నాడు. బస్సు వచ్చినప్పుడల్లా లేచి రోడ్డు మీదికి పొయ్యి చూసేది, మళ్లా వచ్చి కూసునేది. ఫోను చేసేది. మగ్గం మోతలో వినపడదులే అనేది, నవ్వేది. ఒక్కసారి కూడా విసుక్కోలేదు."

"ఎన్ని సార్లు?" అంది భువనేశ్వరి. జీవితంలో మొదటిసారి ఆమె గొంతు పక్కవాళ్లకు వినపడనంత చిన్నగా వచ్చింది. యశోదమ్మ "ఏంది?" అంటే మోనిక అడిగింది. "ఎన్ని సార్లు చేసినాడు అవ్వా, ఫోను?"

"మూడో నాలుగో. కడపటిది పన్నెండు గంటల బస్సు పొయినాక, ఈడే, ఈ బెంచీ మీదే. ఇంక పని తెగలేదులే, మళ్లా అమావాస్యకు పిలుచుకొస్తాను అనేసి లేచినాడు. కొండ లోపల ఫోన్లు పనిచెయ్యవు గదా. గేటు దాటితే ఏమీ దొరకదు."

భువనేశ్వరి సంచీలోంచి పాత ఫోను తీసింది. పదీ నలభై. పదకొండుంపావు. పదకొండూ యాభై. పన్నెండూ ఇరవై. ఆ అంకెలు ఆమెకు కంఠతా వచ్చు. అయినా మోనిక చేత చదివించుకుంది. కొండ లోపల ఫోను పనిచెయ్యదు. అంటే బండల మధ్య పడి పిలవలేదు. పిలిచింది ఈ నీడలో కూర్చుని, టీ తాగుతూ, నవ్వుతూ. డాక్టరు చెప్పింది అబద్ధం కాదు. పడ్డాక పిలవడానికి ఆయనకు టైమే లేదు.

ఆమె విరిగిన బెంచీ చివర కూర్చుని ఏడ్చింది. మూడేళ్లుగా ఏడ్చిన ఏడుపు ఒకటి, ఇది ఇంకొకటి. ఆ ఏడుపులో గుండె మీంచి బండ దిగినట్టూ ఉంది, అదే చోట సన్నని ముల్లు దిగినట్టూ ఉంది. బస్సు బస్సుకూ లేచి చూశాడట. ఆ రోజు వాకిట్లో అంత నవ్వు ఎందుకు నవ్వాడో ఇప్పుడు తెలిసింది.

యశోదమ్మకు సంగతి తెలిశాక పెనం దించేసి వచ్చి పక్కన కూర్చుంది. "అమ్మా, నువ్వేనా ఆ ఇంటామె! నాకేం తెలుసు తల్లీ? పెండ్లామంటాడు, పెండ్లాం రాలేదు. రెండు పొట్లాలు పట్టుకోని కాచుకోనుంటే, ఇంకెవురి కోసమో ఏమో అనుకున్నాను. చచ్చినోడి మానం ఎందుకు తియ్యాలని నోరు మూసుకున్నాను. పోలీసులకు కూడా చెప్పలేదు. నన్ను చెప్పుతో కొట్టు."

భువనేశ్వరికి ఏడుపులోనే నవ్వొచ్చింది. "ఆయనకు ఇంకొకర్తి యాడ దొరుకుతాది అక్కా? ఒకర్తిని కొండకు పిలుచుకోని పోయేదానికే ఇరవై తొమ్మిదేండ్లు పట్టె."

తిరిగొస్తూ మోనిక మెల్లగా అడిగింది. "ఆంటీ, మీరు అడగాలనుకున్నది తెలిసిపోయింది కదా. ఇంక మీరు రారా?"

"రాకుండా యాడికి పోతాను?" అంది భువనేశ్వరి.

అమావాస్య పొద్దున ఆమె ఎప్పటిలాగే ఆరింటికి మగ్గం దగ్గర కూర్చుంది. మురుగేష్ పోయాక ఆమెకు అమావాస్య లేదు, పున్నమి లేదు. కట్టడి తప్పుతుందని వీధి గొణుక్కుంటూనే ఉంటుంది. ఆరోజు మగ్గం మీద మావిడిపిందెల అంచు చీర, సగానికి పైగా అయింది. సాయంత్రానికి ఇవ్వాలి. ఏడు గంటలకు గోడ గడియారం వైపు చూసి, నాడె ఇటు అంచు నుంచి అటు అంచుకు చేరకముందే మగ్గం ఆపేసింది. వీధిలో ఉన్న ఒక్క మోతా ఆగిపోయేసరికి ఎదురింటి ఆదిమూలం ఉలిక్కిపడి అరుగు మీదికి వచ్చాడు.

"ఏం మే, కరెంటు పొయిందా?"

"లేదప్పా. నేను పోతా ఉండాను."

"చీర మధ్యలో ఆపినావే, గీత పడతాదే!"

"పడనీ," అని ఆమె ముగ్గు తొక్కకుండా పక్కనుంచి వచ్చి, తలుపుకు తాళం వేసింది.

ఆదిమూలం అరుగు దిగి వచ్చి, "మురుగేష్‌ను అడిగినానని చెప్పు," అన్నాడు. వీధి పెద్దమనిషి కదా, అలా చెప్పి పంపడం ఆయనకు మర్యాద.

యశోదమ్మ రెండు పొట్లాలు కట్టి సిద్ధంగా ఉంచింది, ఒకదాంట్లో కారం పచ్చడి ఎక్కువ వేసి. పిల్లలిద్దరికీ వేరే కట్టింది. నలుగురి తిండికీ డబ్బులు తీసుకోనంటే తీసుకోనంది. తొమ్మిదింటికి గేటు దాటారు. దారి చెప్పడంలో భువనేశ్వరి ఒక్క చోటా తడబడలేదు. రెండోసారి వాగు దాటేచోట పునీత్ ఎడమవైపు పోబోతే చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది. మోకాలేసిన ఎద్దు కనబడగానే మాత్రం ఆమె కాళ్లు ఆగిపోయాయి. మోనిక చెయ్యి ఇచ్చింది. బండ చుట్టి పోతే నీళ్లు. మురుగేష్ చెప్పినంత పెద్దగా లేవు. ఆయన కొంచెం పెంచి చెప్పాడన్నమాట. ఆ సంగతి కూడా ఆమెకు ముద్దుగానే తోచింది.

మగ్గాలకు అంత దూరాన ఆమె అంతసేపు ఎన్నడూ నిలబడలేదు. చెవుల్లో హోరు ఒకటి చాలాసేపు ఉండి, మెల్లమెల్లగా సద్దుమణిగి, దాని వెనక నుంచి నీళ్ల చప్పుడు వినపడసాగింది. చెవులు కడుక్కోవడమంటే ఏమిటో తెలిసింది.

పునీత్ లైటు పెట్టెను ఒక రాతి మీద పెట్టాడు. కెమెరా నిలబెట్టాడు. రికార్డరు నొక్కి, మురుగేష్ కూర్చుంటాడని చెప్పుకునే బండ మీద జాగ్రత్తగా ఉంచి వచ్చాడు. ఆ కుర్రాడి ముఖంలో ఇప్పుడు దయ్యం సరదా లేదు. గుళ్లోకి వచ్చిన వాడిలా చెప్పులు కూడా విడిచాడు.

"ఆంటీ, మీ ప్రశ్న అడగండి. అడిగి ఒక నిమిషం ఆగాలి."

"నాకు ప్రశ్నేం లేదు నాయనా," అంది భువనేశ్వరి. "అడిగింది ఆయన. నేనే జవాబు బాకీ."

పొట్లాలు రెండూ బండ మీద పెట్టి, కారం ఎక్కువున్నది తన వైపుకు జరుపుకుంది. తరవాత, మగ్గాల మధ్య ముప్పయ్యేళ్లు మొగుణ్ని పిలిచిన గొంతుతో, కొండ దద్దరిల్లేలా పిలిచింది.

"ఏమయ్యా! వచ్చినాను!"

పైబిలాల్లోంచి చిలకలన్నీ ఒక్కసారి లేచాయి. మోనిక కళ్లు తుడుచుకుంది. పునీత్ నిమిషం లెక్కపెట్టడం మరచిపోయాడు. చిలకలు చుట్టూ తిరిగి తిరిగి మళ్లీ బిలాల్లోకి సర్దుకునేదాకా భువనేశ్వరి అలాగే చూస్తూ నిలబడి, ఆ తరవాత బండ మీద కూర్చుని పొట్లం విప్పుతూ, పక్కనున్న మనిషికి చెప్పినట్టు మెల్లగా చెప్పింది.

"చీర ఇంకా సగంలోనే ఉండాది. మగ్గం ఆపేసి వచ్చినాను."